కూరగాయల వాటా పద్ధతి మార్చేటప్పుడు: ఏది వదలాలి, ఏది వదలకూడదు

మీ ప్రశ్న సారాంశం ఇది. హైదరాబాద్ శివారు శంకర్‌పల్లి దగ్గర రెండున్నర ఎకరాల పొలం, 60 మంది సభ్యులు. ఒక్కో ఇంటికి నెలకి 2,400 రూపాయలు, ప్రతి శనివారం ఒక సంచి. అందులో ఏముండాలో మీరే నిర్ణయిస్తున్నారు. "మళ్లీ సొరకాయేనా" అని కొందరు, "ఊరెళ్లిన వారం డబ్బులు పోయాయి" అని కొందరు మానేస్తున్నారు. అందుకని నెలసరి చందా తీసేసి, వాట్సాప్‌లో లిస్టు పెట్టి, ఎవరికి కావలసింది వాళ్లు కొనుక్కునేలా మార్చేద్దామా అని అడిగారు.

పూర్తిగా అలా మార్చకండి. సభ్యులకి విసుగు పుట్టించింది ఎంపిక లేకపోవడమే కానీ ముందు డబ్బు కట్టడం కాదు. మీరు ఆ రెండింటినీ కలిపి తీసేయబోతున్నారు. ముందస్తు డబ్బు ఉంది కాబట్టే ఫలానా మడిలో ఈ వారం మెంతి చల్లాలని ధైర్యంగా అనుకోగలుగుతున్నారు. అది పోతే మీరు కూడా పొద్దున్నే లిస్టు పెట్టి ఫోన్ వైపు చూసే ఇంకో కూరగాయల బండి అవుతారు. బండివాళ్లకైతే గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచో బోయిన్‌పల్లి మార్కెట్ నుంచో ఏది కావాలంటే అది వస్తుంది, మీకు రాదు.

పూర్తి ఎంపిక ఇస్తే జరిగేది ముందే చెప్పొచ్చు. టమాట, బెండ, పాలకూర, కొత్తిమీర మొదటి అరగంటలో అయిపోతాయి. సొర, ముల్లంగి, కాకర, పొట్ల మిగులుతాయి. మిగిలిన 40 కిలోల సొరకాయని మార్కెట్‌కి తోలితే వచ్చే డబ్బు ఆటో ట్రాలీ కిరాయికి సరిపోదు. అలాగని సొర వేయడం మానేద్దామా అంటే, జూన్ ఎండకి టమాట పూత రాలిపోయినప్పుడు సంచి నింపేది పాదు జాతులే.

ఎంపిక సంగతికి ముందు మీ లెక్కలో ఉన్న ఒక చిల్లు చెప్పాలి, మీరు గమనించినట్టు లేరు. నెలకి 2,400 అంటే సంచికి 600 అనుకుంటున్నారు. కానీ ఏడాదికి 52 శనివారాలు. 12 నెలలకి నాలుగేసి చొప్పున మీకు డబ్బు వచ్చేది 48 సంచులకే. ఐదు శనివారాలు పడే నెలల్లో ఇచ్చే ఆ నాలుగు సంచులూ ఉచితమే. 60 ఇళ్లకి 600 చొప్పున లెక్కేస్తే 1,44,000 రూపాయలు, అంటే సరిగ్గా ఒక నెల వసూలు. కాబట్టి నెల లెక్క వదిలేసి వారాల లెక్కకి రండి.

ఏడాదిని 12 వారాల చొప్పున నాలుగు విడతలు చేయండి. మిగిలిన నాలుగు వారాలు పొలానికీ సభ్యులకీ సెలవు: దసరాకి ఒకటి, సంక్రాంతికి ఒకటి, మే నడిమిన రెండు. సంక్రాంతికి హైదరాబాద్ ఎలాగూ ఖాళీ అవుతుంది. ఆ వారం సంచులు పంపితే సగం సెక్యూరిటీ గదిలోనే వాడిపోతాయి. మేలో పిల్లల సెలవులకి ఊళ్లు వెళ్తారు, మీ బోరు కూడా అప్పుడే నీరసిస్తుంది. మొదటి విడత ఆగస్టు మూడో వారంలో మొదలుపెడితే మధ్యలో దసరా సెలవుతో నవంబరు సగానికి వస్తుంది. రెండోది సంక్రాంతి సెలవుతో ఫిబ్రవరి సగం దాకా, మూడోది మే మొదటి వారం దాకా, రెండు వారాల విరామం తర్వాత నాలుగోది మళ్లీ ఆగస్టు సగం దాకా నడుస్తాయి.

ఇక సంచిలోకి వద్దాం. కిలోల్లో కాకుండా యూనిట్లలో అమ్మండి. ఒక యూనిట్ 50 రూపాయలు. బెండ, వంకాయ, బీర, గోకరకాయ (గోరుచిక్కుడు) లాంటివి అరకిలో ఒక యూనిట్. ఆకుకూర రెండు కట్టలు ఒక యూనిట్. కిలోకి అటూ ఇటూగా ఉండే సొరకాయ ఒకటి ఒక యూనిట్. పచ్చిమిర్చి పావుకిలో ఒక యూనిట్. ఈ పట్టికని విడత మధ్యలో మార్చకూడదు. కిలో ధర రాసి పెడితే సభ్యులు ప్రతి శనివారం రైతుబజార్ బోర్డుతో పోల్చుకుంటారు. డిసెంబరులో టమాట ధర పడిపోయినప్పుడు మీరు దోచుకుంటున్నట్టు కనిపిస్తారు, జూన్‌లో అదే టమాట మూడింతలైనప్పుడు మాత్రం ఎవరూ మెచ్చుకోరు. యూనిట్ అంటే దాచిపెట్టడం కాదు. విడత చివర ఆ 12 వారాల్లో ఇచ్చింది మొత్తం కిలోల్లో రాసి అందరికీ పంపండి.

విడతలన్నింటికీ ఒకే సైజు సంచి పెట్టకండి. ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా ఉండే రెండు విడతల్లో వారానికి 14 యూనిట్లు (700 రూపాయలు), ఫిబ్రవరి–మే విడతలో 12 (600), మే చివర మొదలయ్యే విడతలో 8 (400). సభ్యుడు ఏడాదికి కట్టేది 28,800. ఇప్పుడు కడుతున్నదీ అంతే. మీ ఆదాయం రూపాయి తగ్గదు, నాలుగు వారాల కోత, ప్యాకింగ్, డీజిల్ మాత్రం తగ్గుతాయి. ఇద్దరే ఉండే ఇళ్లకి సగం వాటా ఇవ్వొచ్చు, కానీ యూనిట్ 55 పెట్టండి. కట్టే చాకిరీ, మోసే చాకిరీ సగం కావు కదా.

14 యూనిట్లలో 8 మీరు నిర్ణయించండి, 6 వాళ్లకి వదలండి. 8 యూనిట్ల సంచిలో 5, 3. మీ భాగంలో ప్రతి వారం ఒక ఆకుకూర, ఒక పాదు జాతి కాయ, పచ్చిమిర్చి తప్పకుండా ఉండాలి. ఆ వారం ఎక్కువ దిగినదేదైనా ఉంటే అదీ ఇక్కడే పోవాలి, కానీ ఒకే కాయ వరసగా మూడో వారం రాకూడదు. మూడో వారం కూడా సొర దిగుతుంటే దాన్ని ఎంపిక లిస్టులోకి మార్చి అర యూనిట్ చేయండి. హల్వాకో, పెరుగు పచ్చడికో రెండేసి తీసుకునే ఇళ్లు ఉంటాయి. బలవంతంగా ఇచ్చిన సొరకాయ మీద ఫిర్యాదు వస్తుంది, చవగ్గా దొరికిన సొరకాయ మీద రాదు.

వారం ఇలా నడవాలి. బుధవారం సాయంత్రం పొలమంతా తిరిగి, శనివారానికి ఏది ఎంత దిగుతుందో మడి మడికీ రాసుకోవాలి. గురువారం పొద్దున 7కి లిస్టు, రాత్రి 8కి మూత. శుక్రవారం సాయంత్రం కాయలు కోత. ఆకుకూర మాత్రం శనివారం తెల్లవారుజామున. 7 గంటలకి బండి కదలాలి.

ఇందులో అందరూ తప్పు చేసేది అంచనా దగ్గర. అంచనాలో 80 శాతం మాత్రమే లిస్టులో పెట్టండి. ఉదాహరణకి బెండ 48 కిలోలు దిగుతుందని లెక్క తేలితే అది 96 యూనిట్లు. లిస్టులో 76కి మించి చూపించొద్దు. గురువారం రాత్రి వాన పడొచ్చు, పుచ్చులు తేలొచ్చు, ఎండ కాస్తే ఒక్క రోజులో సగం కాయ ముదిరిపోవచ్చు. తూకంలో పోయేది కూడా చిన్నదేమీ కాదు. అరకిలో అని తూచినా చేతికి 520 గ్రాములు వస్తుంది. 60 సంచులు, సంచికి 8 రకాలు, రకానికి 20 గ్రాములు అంటే వారానికి 9.6 కిలోలు. అది తగ్గించాలని తూకం దగ్గర పిసినారితనం చూపించకండి, కోత లెక్కలోనే 5 శాతం కలుపుకోండి.

ఒక్కో రకానికి ఒక్కో ఇంటికి రెండు యూనిట్లు గరిష్ఠం. ఈ నియమం లేకపోతే ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చునే పదిమందే ప్రతి వారం టమాట ఊడ్చేస్తారు. ఎంపిక పంపనివాళ్లకి మీరే నింపుతారని ముందే చెప్పండి. అలాంటి ఇళ్లు గట్టిగానే ఉంటాయి, అవి మీకు వరం కూడా: మిగిలినవన్నీ అటు సర్దొచ్చు. ఏదైనా తక్కువ పడితే ఆకుకూరకి బదులు ఆకుకూర, కాయకి బదులు కాయ ఇవ్వండి. డబ్బు వెనక్కివ్వడం మొదలుపెడితే లెక్క తడిసి మోపెడవుతుంది.

లిస్టు వాట్సాప్ గ్రూపులో పెట్టి జవాబులు అక్కడే రాయమనకండి. "నాక్కూడా", "పైన చెప్పినట్టే", మధ్యలో ఒక గుడ్ మార్నింగ్ బొమ్మ. శుక్రవారం మధ్యాహ్నం ఆ చిక్కు విప్పుతూ కూర్చుంటారు. వాట్సాప్ పోల్‌లో 12 రకాలకి మించి పట్టవు, ఎన్ని యూనిట్లో రాసే వీలు లేదు. గూగుల్ ఫారం చాలు: సభ్యుడి నంబరు, తీసుకునే చోటు, రకానికి 0, 1, 2. పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. గోకరకాయ అని రాస్తే కోస్తా నుంచి వచ్చినవాళ్లకి అర్థం కాదు, గోరుచిక్కుడు అని రాస్తే ఇక్కడివాళ్లు చిక్కుడు అనుకుంటారు. పుంటికూర–గోంగూర, గంగవాయిలి–పావిలి కూడా అంతే. రెండు పేర్లూ రాసి పక్కన ఫోటో పెట్టండి. లిస్టు మూశాక మొత్తాలు పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద ప్రింటు తీసి, కోతకొచ్చే అమ్మలకి ఇవ్వండి. కోసేవాళ్లకి సభ్యుల పేర్లతో పనిలేదు. "బెండ 41, బీర 30, పాలకూర 70 కట్టలు", అంతే కావాలి.

ఊరెళ్లే వారాల గురించి. విడతలో రెండు వారాలు ఆపుకోవచ్చు, కానీ ఆ సంగతి బుధవారం రాత్రి 8 లోపు చెప్పాలి. ఆపుకున్న యూనిట్లు అదే విడతలో వాడుకోవాలి. డబ్బు వెనక్కి రాదు, తర్వాతి విడతకి పోదు. ఇక్కడ ఒక తలుపు తప్పకుండా వేయాలి: ఏ వారమైనా రెట్టింపు సంచి అడిగేవాళ్లు ఆరుగురికి మించకూడదు. లేకపోతే పన్నెండో వారం ముప్ఫై మంది ఒకేసారి "నా బాకీ ఇవ్వండి" అంటారు, అప్పుడు పొలం కాదు కదా మండలం తవ్వినా సరిపోదు.

డబ్బు వసూలు సులువే. ఎక్కువలో ఎక్కువ 14 యూనిట్ల విడతకి 8,400 రూపాయలు. ఒకేసారి గానీ, మొదటి వారం, ఏడో వారం రెండు వాయిదాల్లో గానీ. యూపీఐ ఆటోపేకి 15,000 దాకా ప్రతిసారీ పిన్ అక్కర్లేదు కాబట్టి వాయిదా గుర్తుచేసే పని తప్పుతుంది. ముందే కట్టినవాళ్లకి వడ్డీ ఇస్తామనో, ఇంత లాభం గ్యారంటీ అనో మాత్రం అనకండి. కూరగాయలకి ముందస్తు సొమ్ము వేరు, డిపాజిట్ వేరు. 2019 నుంచి డిపాజిట్ల వసూలు మీద కఠినమైన చట్టం ఉంది.

సభ్యుల సంఖ్యని చలికాలం చూసి పెంచుకునే తప్పు చాలా పొలాలు చేస్తాయి. డిసెంబరులో మీ పొలం 90 ఇళ్లకి కూడా పెడుతుంది. లెక్క మేలో వేయాలి, అదీ నీళ్ల లెక్క. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరంటే 4,047 లీటర్లు. ఎండాకాలం డ్రిప్ మీద కూరగాయలకి రోజుకి కనీసం 5 మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరానికి 20 వేల లీటర్లు. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి నిండే సమయం చూడండి, కానీ ఒక్కసారి కొలిచి వదిలేయకండి. కరెంటు 24 గంటలున్నా మేలో బోరు ఆగి ఆగి పోస్తుంది. పొద్దున ఆరింటికి నిమిషంలో నిండిన డ్రమ్ము పదింటికి మూడు నిమిషాలు తీసుకుంటుంది. రోజంతా మీద 20 వేల లీటర్లే వస్తే మీకు మేలో ఉన్నది ఒక్క ఎకరమే, రెండున్నర కాదు. ఆ ఎకరం 60 ఇళ్లకి 8 యూనిట్లు, అంటే వారానికి 480 యూనిట్లు ఇవ్వగలదా? ఇవ్వలేదనిపిస్తే సంఖ్య 50కి దించండి, మిగతావాళ్లని వెయిటింగ్ లిస్టులో పెట్టండి. ఆకుకూర మడుల మీద సగం ఎండని ఆపే 50 శాతం షేడ్ నెట్ వేస్తే ఆ విడతలో చాలావరకు గట్టెక్కుతారు.

పక్క రైతు దగ్గర కొని నింపడం తప్పేమీ కాదు, చెప్పకుండా నింపడమే తప్పు. లిస్టులో ఆ రకం పక్కన "పక్క పొలం" అని రాయండి. సొంత పొలంలో పండింది అమ్మితే అది వ్యవసాయ ఆదాయం. కొని అమ్మితే వ్యాపారం, దాని లెక్క వేరే పుస్తకంలో ఉండాలి. ఇంకొకటి, సంచి మీద "ఆర్గానిక్" అని ముద్రించారేమో చూసుకోండి. 2017 నాటి ఆహార భద్రతా నిబంధనల ప్రకారం నేరుగా వినియోగదారుడికి అమ్మే చిన్న రైతుకి సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంది, కానీ ఏడాది అమ్మకం 12 లక్షలు దాటనంత వరకే. మీది 17,28,000. ఆ మాట ఉంచాలంటే పీజీఎస్ (రైతులే ఒకరి పొలం ఒకరు చూసి హామీ ఇచ్చే పద్ధతి) గుంపులో చేరండి, కనీసం ఐదుగురు రైతులు కావాలి. లేదంటే "మందులు కొట్టకుండా పండించినవి" అని మీరు నిజంగా చేసేదే మామూలు మాటల్లో రాయండి.

ఎంపిక ఇవ్వాలంటే విత్తడం కూడా మారాలి. ఒకేసారి పది గుంటలు (పావు ఎకరం) బెండ వేస్తే ఏడు వారాలు వరద, ఆ తర్వాత ఏమీ ఉండదు. ఎకరానికి 4 టన్నులు అనుకుంటే గుంటకి 100 కిలోలు. రెండు గుంటలు వేస్తే ఏడు వారాల కోతలో 200 కిలోలు. ప్రతి నాలుగు వారాలకీ రెండు గుంటలు వేస్తూ పోతే వారానికి సగటున 50 కిలోలు వస్తూనే ఉంటుంది. బెండ రోజు విడిచి రోజు కోయాల్సిందే. సంచికి వెళ్లేది శుక్రవారం కోసిన కాయ. అంతకు ముందు కోతలకి దగ్గర్లో ఒక హోటలో, మెస్సో మాట్లాడి పెట్టుకోండి. మెంతి, పాలకూర, తోటకూర 25 నుంచి 30 రోజుల్లో వస్తాయి కాబట్టి ప్రతి వారం కొంచెం కొంచెం చల్లాలి. రంజాన్ నెలలో పుదీనా, కొత్తిమీరకి, కార్తీకంలో కూరగాయలన్నింటికీ గిరాకీ పెరుగుతుంది. ఆ తేదీల నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని విత్తండి.

ఇంటింటికీ ఇవ్వడం మానేయండి, ఇది గట్టిగానే చెబుతున్నాను. గేటు దగ్గర ఎంట్రీ, యాప్‌లో అనుమతి, లిఫ్టు, కాలింగ్ బెల్; ఇంటికి ఆరేడు నిమిషాలు. 60 ఇళ్లకి ఆరు గంటలు దాటుతుంది. చివరి ఇంటికి చేరేసరికి పాలకూర ఉడికినట్టు ఉంటుంది. నల్లగండ్ల, తెల్లాపూర్, కోకాపేట, నార్సింగి వైపు సభ్యులు ఎక్కువుంటే నాలుగు చోట్లు చాలు. ఒక్కోచోట 15 ఇళ్లు, 20 నిమిషాల దింపుడు. పది గంటల లోపు బండి ఖాళీ. అసోసియేషన్ అనుమతి కాగితం మీద తీసుకోండి, సెక్యూరిటీ మారినప్పుడల్లా గొడవ లేకుండా. తీసుకోని సంచిని 11 తర్వాత అక్కడి పనివాళ్లకి ఇచ్చేస్తామని నియమం పెట్టండి. రెండు వారాలు ఇచ్చేస్తే మూడో వారం అందరూ టైముకొస్తారు.

ప్రతి చోటా ఒక మార్పిడి క్రేటు పెట్టండి. నచ్చనిది అందులో వేసి, ఇంకొకటి తీసుకోవడమే. మొదట మీరే నాలుగైదు కిలోలు వేసి పెట్టాలి, ఖాళీ క్రేటులో ఎవరూ కాకరకాయ వేయరు.

సంచిలో అడుగున సొర, దోస; వాటిపైన వంకాయ, బీర; టమాట విడిగా కాగితపు సంచిలో; అన్నిటికంటే పైన ఆకుకూర, తడిపి పిండిన గుడ్డ కప్పి. బెండ మీద నీళ్లు చల్లొద్దు, నల్లబడి జిగురొస్తుంది. శుక్రవారం కోసిన కాయని రాత్రంతా ఉంచడానికి ఇటుకల రెండు వరసల గోడ కట్టి, మధ్యలో మూడంగుళాల సందు ఇసుకతో నింపి తడిపే చల్లని అర చాలు, కరెంటు అక్కర్లేదు. పొడి ఎండల్లో బాగా పనిచేస్తుంది, వానాకాలం గాలిలో తేమ వల్ల పెద్దగా చల్లబడదు. 120 మైక్రాన్ల లోపు ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం కాబట్టి ఇంటికి రెండు గుడ్డ సంచులు, 200 రూపాయలు డిపాజిట్. ఖాళీది ఇస్తేనే నిండుది.

మారడం ఎప్పుడంటే, ఏప్రిల్–జూన్‌లో వద్దు, లిస్టులో నాలుగు రకాలు కూడా కనిపించవు. డిసెంబరు–జనవరిలోనూ వద్దు. అప్పుడు అంతా పుష్కలం కాబట్టి ఏ పద్ధతైనా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఆగస్టు మూడో వారం మంచిది. ఆరేడు వారాల ముందే, జూలై మొదట్లో, అందరికీ చెప్పండి. ఆ రోజు వేసిన బెండ విత్తనమే మొదటి సంచిలోకి వచ్చేది. అన్ని చోట్లా ఒకేసారి మార్చకుండా, ఒక చోట 15 ఇళ్లతో పాత నెల చందా మీదే నాలుగు వారాలు ఎంపిక నడిపి చూడండి. ఫారం ఎక్కడ తికమక పెడుతుందో, 80 శాతం సరిపోతుందో 70కి దించాలో అక్కడే తెలుస్తుంది.

ఇప్పటికే ముందు కట్టినవాళ్ల విషయం నోటి మాటగా వదలొద్దు. మారే రోజున ఒక్కొక్కరి పేరు పక్కన మిగిలిన సంచులు రాసి, ఒక సంచికి 12 యూనిట్ల చొప్పున వాళ్ల ఖాతాలో వేసి, ఆ లెక్క వాళ్లకి పంపండి. వద్దన్నవాళ్లకి వారంలోపు డబ్బు తిరిగివ్వండి. అరడజను మంది పోయినా కంగారుపడి నియమాలు సడలించకండి. మొదటి విడత పూర్తయ్యేదాకా కొత్తవాళ్లని మాత్రం చేర్చుకోవద్దు.